పెట్టె ముందా, కాగితం ముందా

నేను మా పరిశోధన సంస్థ స్టోర్స్ సెక్షన్‌లో చేరిన రోజుల్లో, విదేశీ స్పెక్ట్రోఫోటోమీటర్ సుంకం రాయితీతో తెప్పించాలంటే అలాంటిది మన దేశంలో తయారు కాదని సర్టిఫికెట్ తేవాలి. లేనిదాన్ని లేదని రుజువు చెయ్యడం ఎంత కష్టమో! ఈ మెలిక మనవాళ్ల సొంతం కాదు. శాస్త్ర పరికరాలకు సుంకం తీసేయమన్న 1950 నాటి యునెస్కో ఫ్లోరెన్స్ ఒప్పందంలోనే ఉంది. 1966 అమెరికా చట్టంలోనూ ఉంది. ఆ సర్టిఫికెట్ వచ్చేదాకా మా పరికరం ఉన్న పెట్టె మాత్రం రేవులో డెమరేజి పెంచుకుంటూ కూర్చునేది.

1996 జులై 23 నాటి 51వ నంబరు కస్టమ్స్ నోటిఫికేషన్‌తో ఊపిరాడింది. ఆ రాయితీకి ఢిల్లీలో రిజిస్ట్రేషన్, పరిశోధనకు అవసరమేనని సంస్థాధిపతి సర్టిఫికెట్ ఉంటే సరిపోయేది. పరికరాన్ని బిగించాక ఐదేళ్లు అమ్మకూడదనీ, ఎవరికీ బదలాయించకూడదనీ షరతు ఉండేది. పక్క డిపార్టుమెంటు అరువడిగితే మా ప్రొఫెసర్లు ఈ షరతే చదివి వినిపించేవారు.