అలుగు ఎత్తు

పోయిన వేసవిలో ఒక ఫ్రెండ్ తన సెకండ్‌హ్యాండ్ టర్బో పెట్రోల్ కారుని ట్యూనింగ్ షాపుకి తీసుకెళ్తూ నన్నూ రమ్మన్నాడు. మెకానిక్ కౌంటర్ మీద చిన్న డబ్బాలాంటి భాగం ఒకటి పెట్టాడు. వేస్ట్‌గేట్ యాక్చువేటర్ అట. "కంపెనీదాని కంటే దీంట్లో స్ప్రింగ్ గట్టిది సార్, బూస్ట్ పెరుగుద్ది" అన్నాడు. ఎంతవరకు పెరగొచ్చు అని అడిగాను. "మీకెంత కావాలి?" అన్నాడు.

ఆ జవాబు ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. ఎంత కావాలి అన్నది ఒక ప్రశ్న. ఎంతవరకు తట్టుకుంటుంది అన్నది ఇంకో ప్రశ్న. ఆ కుతూహలంతో టర్బోల చరిత్ర చదువుతూ పోతే, అదంతా ఈ రెండు ప్రశ్నల మధ్య తగాదాలాగే కనిపించింది.

ముందు అసలు సంగతి. ఇంజన్ నుంచి బయటికి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో చివరనున్న చక్రం గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోస్తుంది. ఎక్కువ గాలి, దానికి తగ్గ ఇంధనం, ఎక్కువ శక్తి. స్విస్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది. చిక్కల్లా ఒకటే. ఎక్కువ గాలి వెళ్తే ఎక్కువ పొగ వస్తుంది, ఆ పొగ చక్రాన్ని ఇంకా వేగంగా తిప్పుతుంది, ఇంకా గాలి వెళ్తుంది. మా వృత్తి భాషలో చెప్పాలంటే, ఆగే షరతు రాయని లూప్.

వేస్ట్‌గేటే ఆ షరతు. కొంత పొగని చక్రం దాకా పోనివ్వకుండా పక్కదారి పట్టించే తలుపు. చెరువుకి అలుగు ఉన్నట్టే అనుకోండి. నీళ్ళు ఒక ఎత్తు దాటితే కట్ట తెగకుండా వాటంతటవే పొర్లిపోతాయి. అలుగు మీద ఇసుక బస్తాలు పేరిస్తే ఇంకాస్త నీళ్ళు నిలుస్తాయి, నిజమే. కట్ట మాత్రం పాతదే. గట్టి స్ప్రింగ్ అంటే ఆ బస్తాలే.

ఈ తలుపు విలువ కార్ల కంటే ముందు విమానాలకి తెలిసొచ్చింది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజన్ శక్తి తగ్గుతుంది. అందుకే రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ బీ-17 బాంబర్ నాలుగు ఇంజన్లకీ టర్బోలుండేవి. అయితే బయటి పీడనం తగ్గేకొద్దీ టర్బైన్ ప్రమాదకరమైన వేగం అందుకోగలదు. మొదట్లో వేస్ట్‌గేట్లని నూనె పీడనంతో పనిచేసే రెగ్యులేటర్లు నడిపేవి. పైన చలికి నూనె చిక్కబడి అవి మొరాయించేవి. యుద్ధం నడుస్తుండగానే వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు వచ్చాయి. నాలుగు ఇంజన్లకీ కలిపి పైలట్ చేతికింద ఒకే నాబ్. టర్బైన్ వేగం మితిమీరితే తగ్గించే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. తలుపు తెరవాల్సిన క్షణాన్ని మనిషి చేతికి వదిలెయ్యకూడదని అప్పటికే అర్థమైందన్నమాట.

కార్లలో ఈ కథ 1962లో మొదలైంది. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌ది 3.5 లీటర్ల వీ8 ఇంజన్, 215 హార్స్‌పవర్. వేస్ట్‌గేట్ ఉంది. బూస్ట్ చదరపు అంగుళానికి 5 పౌండ్ల దగ్గర ఆగేది. కానీ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి 10.25:1. అంత ఒత్తిడిలో నాకింగ్ భయం ఉంటుంది. అంటే సిలిండర్‌లో మంట సాఫీగా పాకకుండా, మిగిలిన మిశ్రమం తనంతట తనే భగ్గుమని పిస్టన్ మీద సుత్తిదెబ్బలా పడటం. దానికి విరుగుడుగా నీళ్ళూ మెథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజన్‌లోకి చల్లేవారు. పేరు 'టర్బో రాకెట్ ఫ్లూయిడ్'. ఆ ట్యాంకు నింపుకోవాల్సింది ఓనరే. చాలామంది నింపలేదు. ట్యాంకు ఖాళీ అయితే ఇంకో వాల్వ్ కలగజేసుకుని బూస్ట్ తగ్గించేసేది. ఇంజన్ బతికేది, ఓనరుకి మాత్రం కారు నీరసించిపోయినట్టు అనిపించేది. రెండు మోడల్ సంవత్సరాల్లో పదివేల లోపు కార్లే తయారయ్యాయి, అంతే. నన్నడిగితే ఆ ఇంజనీర్ల లెక్క తప్పలేదు. హద్దు ఎందుకుందో వాడేవాడికి తెలియకపోతే ఆ హద్దు లోపంలాగే కనిపిస్తుంది.

రేసుల్లో గొడవ ఇంకోరకం. ఫార్ములా వన్‌లోకి 1977లో రెనో టర్బో తెచ్చింది. 1986 నాటికి క్వాలిఫయింగ్ కోసం కొన్ని టీములు వేస్ట్‌గేట్‌ని పూర్తిగా మూసేసేవి. ఇంజన్ నాలుగు ల్యాపులు బతికితే చాలు, తర్వాత ఏమైతే వాళ్ళకేంటి? ఇక హద్దులు బయటనుంచి వచ్చాయి. 1984లో రేసుకి 220 లీటర్లే ఇంధనం అన్నారు. 1985 ఇమోలా రేసులో ముందున్న సెన్నాకి చివరి ల్యాపుల్లో ఇంధనం అయిపోయింది. ఆధిక్యంలోకొచ్చిన జోహాన్సన్‌కీ అదే గతి పట్టింది. ముందుగా గీత దాటిన ప్రాస్ట్ కారు ఉండాల్సిన బరువు లేదని అనర్హుడయ్యాడు. గెలుపు డి ఏంజెలిస్‌కి దక్కింది. 1987లో ప్రతి ఇంజన్‌కీ 4 బార్ దగ్గర తెరుచుకునే పాప్-ఆఫ్ వాల్వ్ తప్పనిసరి చేశారు. 1988లో దాన్ని 2.5 బార్‌కి దించి, ఇంధనాన్ని 150 లీటర్లకి తగ్గించారు. 1989 నుంచి టర్బోల్నే నిషేధించారు. విచిత్రం ఏంటంటే, అన్నిటికంటే ఇరుకైన ఆ 1988 సీజన్లోనే హోండా టర్బోతో మెక్‌లారెన్ 16 రేసుల్లో 15 గెలిచింది.

స్ప్రింగ్ పెట్టిన హద్దయినా, రూల్ పెట్టిన హద్దయినా ఒకటే అంకె. ఇవాళ ఎండ ఎంతుంది, ట్యాంకులో ఏ పెట్రోల్ ఉంది, దానికి తెలీదు. నాకు అన్నిటికంటే నచ్చిన జవాబు స్వీడన్ నుంచి వచ్చింది. సాబ్ కంపెనీలో పేర్ యిల్‌బ్రాండ్ బృందం చేసిన ఏపీసీ అనే వ్యవస్థ, 1980ల మొదట్లో 900 టర్బోలో వచ్చింది. ఇంజన్ దిమ్మెకి ఒక సెన్సర్ బిగించారు. అది నాకింగ్ అదురుని పసిగడుతుంది. వేస్ట్‌గేట్‌కి వెళ్ళే గాలిగొట్టంలో ఒక సోలినాయిడ్ వాల్వ్ ఉంటుంది. ఇంజన్ సుఖంగా ఉంటే బూస్ట్ పెరగనిస్తుంది, నాకింగ్ వినపడగానే తగ్గిస్తుంది. నాసిరకం పెట్రోల్ పోసినా ఇంజన్ చావదు, కాస్త బలం తగ్గుతుంది. ముందే రాసిపెట్టిన అంకె స్థానంలో ఇంజన్ మాట వినే చెవి వచ్చింది.

అయితే ఆ చెవికి ఒక చెయ్యి కూడా కావాలి. గాలి పీడనంతో నడిచే వేస్ట్‌గేట్లో ఫుల్ థ్రాటిల్ మీద బూస్ట్ ఎంతకి దిగగలదో నిర్ణయించేది స్ప్రింగే. సోలినాయిడ్ దానిపైన పెంచగలదు గానీ, దానికంటే కిందికి దించలేదు. సాబ్ పద్ధతి పనిచేసింది కింది హద్దు తక్కువగా ఉంచబట్టే. గట్టి స్ప్రింగ్ వేస్తే పై హద్దుతో పాటు కింది హద్దూ లేస్తుంది. అప్పుడు కంప్యూటర్‌కి నాకింగ్ వినపడుతుంది, స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది, థ్రాటిల్ కూడా మూయొచ్చు. వేస్ట్‌గేట్‌ని మాత్రం స్ప్రింగ్ ఒప్పుకున్నంత వరకే తెరవగలదు.

గట్టి స్ప్రింగే తప్పని అనట్లేదు. పొగ ఒత్తిడికి తలుపు ముందే తెరుచుకుని బూస్ట్ జారిపోతుంటే అది కావాల్సిందే. ఇంకొన్ని కార్లలో దీనికి తిరగబడ్డ జబ్బు ఉంటుంది. తలుపు పూర్తిగా తెరిచినా దారి చాలక బూస్ట్ పెరుగుతూనే పోతుంది. అప్పుడు కావాల్సింది పెద్ద వేస్ట్‌గేట్. ఒకటి పట్టి ఉంచడానికి, ఇంకొకటి వదిలిపెట్టడానికి. షాపులో రెంటినీ అప్‌గ్రేడ్ అనే అంటారు.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి నేను అడిగింది వేరే. "ఈ స్ప్రింగ్‌తో బూస్ట్ ఎంతకి దిగగలదు?" మెకానిక్ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అదెవరూ అడగరు సార్" అని లోపలికెళ్ళి కాగితం తెచ్చాడు. ఆ అంకె, కంపెనీవాళ్ళు ఆ ఇంజన్‌కి పెట్టిన పై హద్దుకి కొంచెమే తక్కువుంది. మా ఫ్రెండ్ కాసేపు ఆ కాగితం వైపే చూసి, కంపెనీ స్ప్రింగే ఉండనీ అన్నాడు. తిరిగొస్తూ దారంతా కారు నెమ్మదిగా ఉందని సణుగుతూనే ఉన్నాడనుకోండి.