పక్షికి చోటు దొరికింది, యానాదికి?



మా కొల్లాపూర్ దగ్గర సోమశిల రేవుల నిలబడితే కృష్ణ సముద్రం లెక్క కనబడతది. సెలవులొస్తే జనం ఫొటోలు దిగనీకి వస్తరు. ఆ నీళ్ల కింద ఊర్లున్నయని చాలామందికి తెల్వదు. 1981ల శ్రీశైలం ముంపుకు ఇండ్లు పోయినోళ్ల కుటుంబాలు, 1986 నాటి జీవో 98 కింద రావాల్సిన కొలువుల కోసం ఏండ్ల తరబడి కాయితాలు పట్టుకొని తిరిగినయి. ఈ రేవుల నిలబడ్డప్పుడల్లా నాకు ఇంకో నీళ్ల ఒడ్డు యాదికొస్తది. అది పులికాట్.

చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే. దానికీ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న దీవి శ్రీహరికోట. చలికాలం వస్తే అక్కడ రాజహంసలు వేలల్ల దిగుతయి. 1976ల సర్కారు ఆంధ్ర వైపు సరస్సును పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. మంచి పనే. పక్షికి పట్టా లేదు, ఓటు లేదు. ఏటా వస్తదన్న ఒక్క సాక్ష్యంతోనే చట్టం దానికి చోటిచ్చింది.

మరి వచ్చిపోయేటోళ్లు కాకుండా, తరాలుగా ఆ దీవిలనే ఉన్న యానాదుల సంగతేంది? వాళ్ల పేరు 'అనాది' నుంచి వచ్చిందనేటోళ్లు కూడా ఉన్నరు. దుంపలు, మూలికలు, తేనె, చేపలు వాళ్ల బతుకు. 1835ల మద్రాసుకు వంటచెరకు కావాలని కంపెనీ సర్కారు దీవిని సొంతం చేసుకుంది. యానాదులు తమ అడవిలనే సర్కారుకు అడవి సరుకు ఏరిపెట్టే కూలీలైండ్రు. 1969ల రాకెట్ కేంద్రానికి దీవిని ఎంపిక చేసేనాటికి భూమి సర్కారుది. యానాది చేతిల చూపనీకి కాయితం లేదు. గూడేలు లేచినయి. కొందరు దీవిలనే ఇంకో చోటికి, కొందరు ఆవలి ఒడ్డుకు పోయిండ్రు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి తొలి రాకెట్ ఎగిరింది. రాకెట్ తేదీ మనకు తెలుసు. గూడేలు లేచిన తేదీ ఏ పాఠంలనూ చదువుకోలే.

"పక్షులు ముఖ్యమా, మనుషులు ముఖ్యమా?" అని అడుగుతరు. ఆ ప్రశ్నే తప్పు. మహాడ్ చవదార్ చెరువు నీళ్లు పశువులకు, పక్షులకు అందినయి, అంటరానోళ్లకు అందలే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ ఆ నీళ్లు తాగిండు. పక్షులను తరమమనలే, మనిషిని లెక్కల పెట్టమన్నడు.

2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకు సుత వర్తిస్తది. 2005 డిసెంబర్ 13కు ముందు పునరావాసం అందకుండా అడవి నుంచి అక్రమంగా వెళ్లగొట్టిన ఆదివాసులకు ప్రత్యామ్నాయ భూమి, పునరావాసం హక్కని మూడో సెక్షన్ చెప్తది. కాయితం లేకుంటే? పెద్దమనుషుల నోటిమాటను రాసిపెడితే అది కూడా సాక్ష్యమేనని రూల్స్‌లనే ఉన్నది.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, పులికాట్‌కు పక్షులను చూడబోతే ఒక నోట్‌బుక్ కూడా తీస్కపోండ్రి. ఆ దీవిని యాదిల పెట్టుకున్న అవ్వలు, తాతలు ఒక్కొక్కరే పోతున్నరు. వాళ్లు చెప్పింది ఇప్పుడు రాసుకోకుంటే రేపు సాక్ష్యం ఉండదు.

జై భీమ్.