జీవితకాలం అంటే ఎవరి జీవితం?

ఓ సాయంత్రం అమెరికా వాణిజ్య నిబంధనలు ఏవో తిరగేస్తుంటే ఒక చిన్న పేరా కళ్లపడింది. 1985లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారంటీ ప్రకటనల కోసం కొన్ని మార్గదర్శకాలు రాసింది. అందులో ఒకటి ఏమంటుందంటే, ప్రకటనలో ‘లైఫ్‌టైమ్’ అన్న మాట వాడితే ఆ లైఫ్ ఎవరిదో కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. వస్తువుదా, కొన్నవాడిదా, ఆ వస్తువు బిగించిన కారుదా? సైలెన్సర్‌కి ఇచ్చిన హామీ కారు నడిచినంత కాలమే చెల్లుతుందనుకుంటే, ఆ సంగతి ప్రకటనలోనే కనిపించాలి.

చదివి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నిండు నూరేళ్లు వర్ధిల్లమని దీవిస్తే ఎవరి నూరేళ్లని ఎవరూ అడగరు. కొట్టువాడు ఆ మాటంటే మాత్రం ఎవరివో చెప్పి తీరాలని ఒక ప్రభుత్వం కూర్చుని రాసిందంటే, ఆ మాట చుట్టూ ఎన్ని తగాదాలు నడిచి ఉండాలి! ఆ ముచ్చట పట్టుకుని వెనక్కి వెళ్తూ వెళ్తూ మెకానిక్ చేతిలోని పానా దగ్గర తేలాను. జీవితకాలపు హామీ అన్నిటికంటే నిజాయితీగా బతికింది అక్కడే.

విజయవాడ ఆటోనగర్‌లో నేను బండి ఇచ్చే షెడ్డులో మేస్త్రి ఒకసారి 12-13 స్పానర్ నా చేతికిచ్చారు. “చూడండి సార్, నోరు తెరిచేసింది” అన్నారు. 13 వైపు దవడలు కంటికి కనిపించీ కనిపించనంతగా విచ్చుకున్నాయి. బోల్టు తలకి తగిలిస్తే అటూ ఇటూ కదులుతోంది. ఆ కాస్త ఖాళీ చాలు. గట్టిగా లాగితే స్పానర్ నట్టు పలకల్ని వదిలేసి మూలల్ని పట్టుకుంటుంది, మూలలు చెక్కుకుపోతాయి, రెండు మూడు జారుళ్లకి నట్టు గోళీలా గుండ్రమైపోతుంది. ఆ తర్వాత ఉలీ సుత్తీ, లేదంటే వెల్డింగ్. స్పానర్ జారినప్పుడల్లా మేస్త్రి వేళ్ల కణుపులు ఇంజిన్‌కి కొట్టుకుని తోలు లేచిపోతుంది. ఆయన కుడిచేతి కణుపుల మీద చర్మం రంగే వేరు.

మంచి పానా చేయడంలో కష్టమంతా ఉక్కుకి పదును పెట్టడంలోనే ఉంది. ఎర్రగా కాల్చిన కడ్డీని అచ్చుల మధ్య దెబ్బేసి ఆకారం తెస్తారు. మళ్లీ కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసెక్కుతుంది. అందుకని తగుపాటి వేడి చూపించి ఆ పెళుసు విరుస్తారు. ఆ వేడి తక్కువైతే పానా పటుక్కున విరుగుతుంది, ఎక్కువైతే మెత్తబడి నోరు తెరుస్తుంది. తళతళలాడే క్రోమ్ పూత కింద ఏం జరిగిందో కొనేటప్పుడు కంటికి కనపడదు.

ఒకప్పుడు కంటికి కనపడేది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం మూసల్లో వండిన ఉక్కుకి పేరు మోసిన ఊరు. దాని కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ ఊరి కొలిముల గురించి హెన్రీ వాయిసీ అనే ఆయన రాసిన వివరాలు 1832లో అచ్చయ్యాయి. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకరు కొలిమి దగ్గరే ఉండి, ఇనుము పాళ్లు తూయించి, దిమ్మల్ని తానే పరీక్షించుకోవడం వాటిలో ఉంది. కొనేవాడు కొలిమి పక్కనే కూర్చున్నాక హామీపత్రం దేనికి? చేసేవాడూ కొనేవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశాకే హామీకి పని పడింది.

నట్టూ బోల్టూ ఊరికొక కొలతతో నడిచినంత కాలం పానా కథ కూడా ఊరి కమ్మరి కథే. 1835లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సాలిమన్ మెరిక్ అనే ఆయన రెంచికి పేటెంట్ తీసుకున్నారు. 1841లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ విట్వర్త్ మర పళ్లన్నిటికీ ఒకే కొలతల పద్ధతి ఉండాలని ప్రతిపాదించారు. 1892లో స్వీడన్‌లో యోహాన్ పెట్టర్ యోహాన్సన్ మన ప్లంబర్లు స్క్రూ స్పానర్ అనే సాధనానికి ఇప్పటి రూపం ఇచ్చారు. డెన్మార్క్‌లో దాన్ని స్వీడిష్ తాళంచెవి అంటారు. ఫ్రాన్సులో, స్పెయిన్‌లో ఇంగ్లీషు తాళంచెవి అంటారు. తాళంచెవి అనడం ఎంత బాగుంది! మూసుకున్న ఇంజిన్‌ని తెరిచేది అదే కదా.

ఇక నేను మనసు పారేసుకున్న కాలానికి వస్తాను. 1919, మిల్వాకీ నగరం. ఫోర్డ్ మోడల్ టీ కార్లు రోడ్ల మీదికి లక్షల్లో వచ్చేస్తున్నాయి, వాటిని విప్పి బిగించే కొత్త కులవృత్తి ఒకటి పుడుతోంది. అప్పట్లో సాకెట్ రెంచి అంటే పిడీ సాకెట్టూ ఏకఖండం. మన షెడ్లలో ఇప్పటికీ వాడే టీ స్పానర్ లాంటిది. ఎన్ని నట్లో అన్ని రెంచీలు, పిడి వంపు మారితే మళ్లీ అన్నీ కొత్తవి. అమెరికన్ గ్రైండర్ కంపెనీలో పనిచేసే జోసెఫ్ జాన్సన్‌కి ఒక ఊహ తట్టింది. పిడినీ సాకెట్‌నీ విడగొడితే? 5 పిడులు, 10 సాకెట్లు. దేన్ని దేనికి తగిలించినా టక్కున కూర్చోవాలి. ఐదు పిడులు, యాభై రెంచీల పని! యజమానులు వద్దన్నారు. జాన్సన్ తోటి ఉద్యోగి విలియం సైడెమన్‌ని కలుపుకుని నమూనా సెట్టు చేశారు. ఇద్దరు సేల్స్‌మెన్ దాన్ని పట్టుకుని గ్యారేజీలు తిరిగి 500కు పైగా ఆర్డర్లు తెచ్చారు. సరుకు అందాకే డబ్బు. 1920లో కంపెనీ వెలిసింది. సాకెట్ కూర్చున్నప్పటి ఆ చప్పుడే దాని పేరు: స్నాప్-ఆన్.

తర్వాత జరిగింది ఇంకా అందమైన సంగతి. రెండో ప్రపంచయుద్ధంలో సరుకుకి కరువొచ్చి ఆర్డర్లు పేరుకుపోయాయి. దాంతో దొరికిన సరుకుని సేల్స్‌మెన్‌కే అప్పగించారు. వాళ్లు దాన్ని బండిలో వేసుకుని తిరగసాగారు. యుద్ధం ముగిశాక ఆ బండ్లే నడిచే కొట్లయ్యాయి. వారానికోసారి, అదే రోజున వ్యాను గ్యారేజీ ముందు ఆగుతుంది. మెకానిక్ నూనె చేతులు తుడుచుకుంటూ మెట్టెక్కి, నిలువునా చీలిన సాకెట్‌ని అరచేతిలో పెట్టి చూపిస్తాడు. వ్యానాయన దాన్ని వెలుగులోకి తిప్పి ఒకసారి చూసి, సొరుగు లాగి కొత్తది ఇస్తాడు. కొత్తగా కొన్నదానికి వారం వారం కొంత కట్టే ఖాతా. హామీకి ఒక మొహం ఉంది, వచ్చే వారం అదే మొహం మళ్లీ వస్తుంది. కోనసముద్రంలో పోగొట్టుకున్నది ఇక్కడ ఇంకో రూపంలో దొరికిందని నాకనిపిస్తుంది.

సామాన్యుడి పానాకి హామీ తెచ్చింది మాత్రం సియర్స్. సరుకు కంటికి కనిపించని పల్లె రైతుకి కేటలాగు పంపి అమ్మే వ్యాపారం అది. ఆ వ్యాపారంలో దాని పోటీదారు మాంట్‌గొమరీ వార్డ్ 1875లోనే నచ్చకపోతే డబ్బు వాపసని మాటిచ్చింది. ఎదుట లేని మనిషిని నమ్మించడానికి అంతకంటే దారి లేదు. సియర్స్‌లో పనిముట్ల విభాగం చూసే ఆర్థర్ బారోస్‌కి ‘క్రాఫ్ట్స్‌మన్’ అన్న పేరు నచ్చి, మేరియన్-క్రాఫ్ట్స్‌మన్ అనే కంపెనీ నుంచి 500 డాలర్లకి కొన్నారని చెబుతారు. ట్రేడ్‌మార్కు నమోదైంది 1927 మే 20న. సరిగ్గా అదే రోజు లిండ్‌బర్గ్ అనే పైలట్ అట్లాంటిక్ దాటడానికి ఒంటరిగా విమానం ఎక్కారు. అదే నెలలో కోటీ యాభై లక్షలో మోడల్ టీ కారు ఫ్యాక్టరీ దాటింది. ఆ నెలంతా ఇంజిన్లదే!

బారోస్ తర్వాత వచ్చిన టామ్ డన్‌లాప్ ఉక్కు నాణ్యత పెంచి క్రోమ్ పూత వేయించారు. హామీ ఏమిటంటే, చేతి పనిముట్టు ఎప్పుడు పాడైనా తెచ్చిస్తే ఊరికే కొత్తది ఇచ్చేవారు. బిల్లు అడిగేవారు కాదు, ఎప్పుడు కొన్నావనీ అడిగేవారు కాదు. తాత పెట్టెలో దొరికిన, సాకెట్లు తిప్పే రాచెట్ పిడిని మనవడు పట్టుకెళ్లినా అదే మర్యాద. ఇందులో ధర్మం ఎంతుందో లెక్కా అంతే ఉంది. పదును సరిగ్గా పడిన పానా విరగడమే అరుదు. విరిగిన ఒక్కదానికి బదులిస్తే అయ్యే ఖర్చు కొంచెం, ఆ కథ గ్యారేజీ గ్యారేజీకీ పాకితే వచ్చే పేరు అపారం. ఉక్కు మీద నమ్మకం ఉన్నవాడే వేసే పందెం అది.

అదే సియర్స్ తన సొంత గుమాస్తాతో ఎలా నడుచుకుందో కూడా చెప్పాలి. మసాచుసెట్స్‌లోని గార్డ్‌నర్ ఊళ్లో కొట్లో పనిచేసే 18 ఏళ్ల పీటర్ రాబర్ట్స్, మీట నొక్కితే సాకెట్ ఊడివచ్చే రాచెట్ కనిపెట్టాడు. నూనె చేతులతో సాకెట్ పీకలేక అవస్థపడే ప్రతి మెకానిక్‌కీ అది వరం. దానికి పెద్ద విలువ లేదన్నట్టు చెప్పి, ఒక్కోదానికి 2 సెంట్లు, మొత్తం 10,000 డాలర్లు మించకుండా ఒప్పందం చేసుకున్నారు. ఆ పదివేలూ నెలల్లోనే నిండిపోయాయి. 1969లో రాబర్ట్స్ కోర్టుకెక్కాడు, తగువు 1989లో రాజీతో గానీ తెగలేదు. కొనేవాడికి జీవితకాలపు మాట ఇచ్చిన చోట, కనిపెట్టినవాడు 20 ఏళ్లు న్యాయం కోసం తిరిగాడు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

తర్వాతి కథ వేగంగా చెప్పేస్తాను, చెప్పడానికి మనసొప్పదు. 2010 తర్వాత ఆ పానాల తయారీ చాలావరకు ఆసియాకి తరలింది. విరిగిన రాచెట్ తెస్తే మరమ్మతు చేసిన పాతది చేతిలో పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. 2017లో సుమారు 90 కోట్ల డాలర్ల విలువ కట్టిన ఒప్పందంతో క్రాఫ్ట్స్‌మన్ పేరు స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ చేతికి వెళ్లింది. 2018లో సియర్స్ దివాలా తీసింది. హామీ కాగితం మీద బతికే ఉంది. కానీ పొద్దున విరిగితే మధ్యాహ్నానికి కొత్తది ఇచ్చే కౌంటరు చాలా ఊళ్లలో పోయింది. ఫోటో తీసి పంపి, పార్సిల్ కోసం రోజులు లెక్కపెట్టే హామీ, సగం విప్పిన ఇంజిన్ ముందు నిలబడ్డ మనిషికి ఎందుకు పనికొస్తుంది? క్రాఫ్ట్స్‌మన్ ఒక్కటే కాదు, నెబ్రాస్కాలోని డెవిట్ అనే చిన్న ఊళ్లో విలియం పీటర్సన్ అనే కమ్మరి 1920లలో వైస్-గ్రిప్ అనే, పట్టు వదలని పటకారు కనిపెట్టారు. ఆ ఊరి ఫ్యాక్టరీ కూడా 2008లో మూతపడి పని చైనాకి పోయింది. అక్కడ పోయింది ఉద్యోగాలే కాదు. కాలిన ఉక్కు రంగు చూసి చాలు, తీయండి అనగల కళ్లకీ పని పోయింది.

మనకి నాసిక్‌లో తపారియా ఉంది, స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో మొదలైనది. జలంధర్ నిండా పానాల కార్ఖానాలు, అక్కడి సరుకు దేశదేశాలకి వెళ్తుంది. అయినా మన షెడ్డులో మేస్త్రి పానా కొనేటప్పుడు హామీ సంగతి అడగడం నేనెప్పుడూ చూడలేదు. చేత్తో తూచి చూస్తారు. ఇంకో పానాకి తాటించి మోత వింటారు. జేబులో తెచ్చుకున్న కొత్త బోల్టుని దవడల మధ్య పెట్టి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటారు.

నోరు తెరిచిన ఆ 12-13 పానాని ఆయన పారేయలేదు. 12 వైపు ఇంకా బిగువుగానే ఉందట. దాని పిడి మీద ఆకురాయితో కోసిన మూడు గాట్లున్నాయి. పని నేర్పిన గురువుగారి గుర్తు అవి. పక్క షెడ్లవాళ్లు అడిగి తీసుకెళ్లినా, సాయంత్రం గాట్లు చూసి తెచ్చిచ్చేస్తారు. నేను వచ్చేసేటప్పుడు ఓ కుర్రాడు గుమ్మంలో నిలబడి అడుగుతున్నాడు, “అన్నా, మూడు గాట్లది ఒకసారి ఇస్తావా?”