గాడిచర్ల వెంట పోలీసు నీడ

శిక్ష ముగించుకుని వెల్లూరు జైలు నుంచి బయటికొచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు తలదాచుకునే చోటు దొరకలేదు. ఆయన్ని ఇంట్లోకి రానిస్తే ఆ ఇంటి మీదా పోలీసుల కన్ను పడేది. ఒక స్నేహితుడు తన ఇల్లు ఆయనకు వదిలేసి, భార్యాబిడ్డలతో వేరేచోటికి వెళ్లి పడుకున్నాడట. ఎవరైనా అడిగితే, తాను లేని సమయంలో తాళం పగలగొట్టి ఆయనే దూరాడని చెప్పేవాడట. అంత భయం!

గాడిచర్ల 1883లో కర్నూలులో పుట్టారు. రాజమండ్రి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుతుండగా, 1907లో జాతీయోద్యమ నాయకుడు బిపిన్‌చంద్రపాల్ పర్యటనతో ఊరంతా వేడెక్కింది. వందేమాతరం గొడవలో ఆయన్ని కళాశాల నుంచి వెళ్లగొట్టారు. సర్కారు కొలువుకు దారి మూసుకుపోయాక బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడిపారు.

ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వానికి తెలుగు పత్రికలు చదివిపెట్టడానికే మనుషులుండేవారు. ఎవరేం రాశారో ఇంగ్లీషులోకి సారాంశం తీసి, రహస్య నివేదికలుగా పై అధికారులకు అందించేవారు. 1908లో తిరునల్వేలిలో జనం మీద పోలీసులు జరిపిన కాల్పులపై ‘స్వరాజ్య’ నిప్పులు చెరిగింది. రాజద్రోహం కింద, అంటే 124ఎ సెక్షన్ కింద, కేసు పడింది. కింది కోర్టు వేసిన శిక్ష చాలదని ప్రభుత్వం హైకోర్టుకెక్కి దాన్ని మూడేళ్లకు పెంచేలా చేసింది. జైల్లో గుండు గీసి, కాళ్లకు కడియాలు తొడిగి, గజదొంగల మధ్య పడేశారు. రాగిసంకటి సహించక ఒంటిపూటతో సరిపెట్టుకున్నారు.

జైలు కేసు పడ్డవాళ్లకే. నిఘా మాత్రం గాడిచర్లను పలకరించినవాళ్లందరినీ చుట్టుకుంది.

తెల్లవాళ్లు పోయినా ఆ సెక్షన్ వెంటనే పోలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ సీఐడీ దాన్నే టీవీ5, ఏబీఎన్ చానళ్ల మీద ప్రయోగించింది. మే 31న సుప్రీంకోర్టు కఠిన చర్యలకు అడ్డుకట్ట వేసింది, మరుసటి ఏడాది సెక్షన్ అమలునే ఆపింది. వైసీపీ చేతుల్లోంచి అధికారం మారాక, 2024 నవంబరులో సోషల్ మీడియా పోస్టులపై ఆ పార్టీ కార్యకర్తల అరెస్టులు సాగాయి. ఒక నిందితుడిని వదిలేశారన్న ఆగ్రహంతో ప్రభుత్వం కడప ఎస్పీనే బదిలీ చేసింది. నిజమే, ఆడవాళ్లను బూతులు తిట్టే పోస్టుకూ గాడిచర్ల రాతకూ పోలిక లేదు. అలాంటి పోస్టుకు శిక్ష పడాల్సిందే. కానీ ఏది బూతో, ఏది విమర్శో ఆ పూట గద్దె మీదున్న పార్టీ పోలీసులు తేల్చకూడదు. అది కోర్టు పని.