ఇంటి వర్తకము, ఓడల వర్తకము

విశాఖపట్టణమున మల్కాపురము చెంత సింధియా యను పేరుగల ప్రదేశమొకటి కలదు. బస్సులవారు ఆ పేరు పిలుతురు. పనివారు ఆ పేరు చెప్పి దిగుదురు. అది మన ప్రాచీన గ్రామనామము కాదు. గ్వాలియరు నేలిన సింధియా ప్రభువులు ఈ తీరమును పాలించినవారును కారు. అయినను వారి పేరు మన యూర నిలుచుటకు కారణము ఒక పాత ఓడ. ఆ యోడను కొని సముద్రవర్తకమునకు దిగిన సంస్థ వెనుక షోలాపురమునందలి యొక అంగడియు, బొంబాయిలోని యొక మిల్లు యజమానుల యిల్లును ఉన్నవి. గృహస్థులు నడుపు వ్యాపారము దేశాంతరములకు సరకు మోయు సంస్థగా నెట్లు పెరుగునో, ఎక్కడ ఆగిపోవునో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి చరిత్ర మన తీరమున లేదని మా తలంపు. కావున దానిని చదువరుల ముందుంచుచున్నాము.

మన పూర్వులు సముద్రము నెరుగనివారు కారు. శాతవాహనుల నాణెములపై రెండు తెరచాపకొయ్యల ఓడ కనబడుచున్నది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో శాసనము వేయించి, ఓడవర్తకుల కభయ మొసగెను. గాలివానకు పగిలి యొడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతముగా గైకొనుచుండిరనియు, తాను న్యాయమైన సుంకము తప్ప మఱేమియు గ్రహింపననియు అందు చెప్పించెను. అటుపిమ్మట కోరంగి రేవు ఓడల నిర్మాణమునకు పేరొందెను. 1839 నాటి తుపాను ఆ రేవును పాడుచేసినది. తరువాత మన విశాఖ, గోదావరి మండలముల కూలివాండ్రు వేలకొలదిగా రంగూనునకు పోయిరి. బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరే పడినది. కాని వారెక్కిన ఓడలు ఆంగ్లేయులవి. ప్రయాణికులము మనము, కేవు పుచ్చుకొనువారు పరులు.

ఈ దురవస్థకు పరప్రభుత్వ మొక్కటే కారణమా? ధర్మశాస్త్రములను తెరచినచో విచిత్రమైన సంగతి యొకటి కనబడును. బోధాయనుడు సముద్రయానమును పతనహేతువులలో చేర్చెను. ఔత్తరాహుల యాచారములలో నదియు నొకటియని అతడే చెప్పెను. మనుస్మృతి మూడవ యధ్యాయమున సముద్రయానము చేసినవాడు శ్రాద్ధపంక్తికి అనర్హుడు. ఎనిమిదవ యధ్యాయమున, సముద్రయానమునందు నేర్పరులైనవారు నిర్ణయించిన వృద్ధియే ప్రమాణము! నదీమార్గమున దేశకాలములను బట్టి కేవు ఏర్పడుననియు, సముద్రమున కట్టి నియమము లేదనియు అచ్చటనే కలదు. అనగా పంక్తిలో కూర్చుండనీయని వానినే లెక్క చెప్పుమని పిలిచినారన్నమాట. కాలక్రమమున మనవారు మొదటి మాటను పట్టుకొని రెండవదానిని మఱచిరి. ఓడ యెక్కిన విద్యార్థికి ప్రాయశ్చిత్తము విధించిన దినములు మన తాతల కాలమున నుండినవే. సముద్రముపై లాభము మనకు దక్కలేదని పరుల నిందించునప్పుడు ఈ మాటయు స్మరింపవలెను.

ఇక షోలాపురమునకు పోదము. వాల్‌చంద్ హీరాచంద్ 1882లో నచ్చట జన్మించెను. గుజరాతునుండి వచ్చి స్థిరపడిన జైన కుటుంబము. ప్రత్తి వర్తకము, వడ్డీవ్యాపారము వంశవృత్తి. తండ్రితాతల గద్దెపై కూర్చుండి చిట్టావర్ణములు వ్రాసికొనుచు సుఖముగా జీవింపగల యవకాశ మాతనికుండెను. అతడది విడిచి రైలుమార్గముల గుత్తపనులకు దిగెను. రైల్వేలో గుమాస్తాగా నుండిన లక్ష్మణరావు బలవంత ఫాటక్ ఆతని భాగస్వామి. పెట్టుబడి యొకరిది, పనిలోని మెలకువ యింకొకరిది. ఫాటక్ వాల్‌చంద్ బంధువు కాడు, కులమువాడును కాడు. ఇంటి పెట్టెలోని ధనమును ఇంటివాడుకాని యొక ఉద్యోగి తెలివితో ముడివేయుట చిన్న సంగతివలె తోచును గాని, మా యభిప్రాయమున ఈ కథలోని మొదటి మలుపు అదియే. తరువాత వచ్చిన ఓడలన్నియు ఈ చిన్న యొడంబడికనుండి పుట్టినవే.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసినప్పుడు లాయల్టీ యను ఓడ అమ్మకమునకు వచ్చెను. కెనడా సంస్థ యొకటి ఎంప్రెస్ ఆఫ్ ఇండియా యను పేరుతో 1891నుండి నడిపిన ఓడ యది. గ్వాలియరు మహారాజు దానిని 1914లో కొని, గాయపడిన సైనికులకు వైద్యశాలగా మార్పించెను. దాదాపు ముప్పదియేండ్ల వయస్సు గల యా యోడను కొనుటకు వాల్‌చందు పూనుకొనెను. అది ఒక్క కుటుంబమువలన నగు పని కాదు. బొంబాయి మిల్లు యజమాని నరోత్తమ మొరార్జీ, ప్రత్తివర్తకుడు కిలాచంద్ దేవచంద్, సహకారోద్యమమున ప్రసిద్ధుడైన లల్లూభాయి సామలదాసు అతనితో చేరిరి. 1919 మార్చి 27న సంస్థ నమోదయ్యెను. ఓడ ఎవరి చేతినుండి వచ్చెనో వారి పేరే సంస్థకు పెట్టిరి: సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి విడిచి లండనునకు బయలుదేరెను. స్వతంత్ర భారతము 1964నుండి ఆ దినమును జాతీయ నౌకాదినముగా పాటించుచున్నది.

ఆ ముసలి యోడ లాభము తేలేదు. 1923లో దానిని విఱుగగొట్టిరి. కాని సరకుల ఓడలు మఱికొన్ని వచ్చినవి, వానితో యుద్ధమును వచ్చినది. దీని స్వరూపము నెరుగవలెనన్న అప్పటి ఓడవర్తకపు మర్మము కొంత తెలియవలెను. పెద్ద ఆంగ్లేయ సంస్థలు వర్తకులకు కేవులో నొక భాగము తిరిగి యిత్తుమనెడివి. వెంటనే కాదు, కొన్ని నెలలు గడచిన పిమ్మట. ఈలోపల నొక్క మూటయైన ఇతరుల ఓడలో వేసినచో ఆ సొమ్ము పోవును. వర్తకుని గొలుసులతో గట్టిన పని లేదు. అతని సొమ్మే యతనికి గొలుసు. క్రొత్త సంస్థ యొకటి రేవులోనికి రాగానే పాతవారు కేవును నష్టము వచ్చునంతవరకు దించుదురు. క్రొత్తవాడు దివాలా తీసిన మరునాడు మరల పెంచుదురు. 1906లో తూత్తుకుడిలో వి. ఓ. చిదంబరం పిళ్ళ నెలకొల్పిన స్వదేశీ ఓడల సంస్థ ఇట్టి పోటీకిని ప్రభుత్వపు టాగ్రహమునకును గుఱియైనది. 1908లో ఆయన చెఱసాలకు పోయెను, కొలదికాలమునకు సంస్థయు ముగిసెను.

సింధియావారు మాత్రము కూలిపోలేదు. ఒక యింటి ధనమే యైనచో రెండేండ్లలో కరగిపోయెడిదే. వాటాలు కొన్న మధ్యతరగతివారు లాభము లేని సంవత్సరములను సహించిరి. 1923లో ఇంచ్‌కేప్ ప్రభువు సంస్థలతో పదేండ్ల యొడంబడిక కుదిరెను. బ్రతుకుటకు వీలు కలిగెను గాని, హిందూదేశము, బర్మా, సింహళముల తీరములు దాటి పోరాదను నియమమునకు తలయొగ్గవలసి వచ్చెను. లండనునకు ఓడ నడుపుటతో పుట్టిన సంస్థ తీరము వెంబడి తిరుగవలసినదయ్యెను. 1928లో ఎస్. ఎన్. హాజీ తీరవర్తకమును స్వదేశీయుల కేర్పరుపవలెనని కేంద్రశాసనసభలో బిల్లు ప్రవేశపెట్టెను. అది చట్టము కాలేదు. ఆ కోరిక స్వాతంత్ర్యము వచ్చిన పిదపనే తీరినది. 1929లో నరోత్తమ మొరార్జీ మోటారు ప్రమాదమున మరణింపగా వాల్‌చందు అధ్యక్షుడయ్యెను. 1950 వరకు ఆ భారము వహించెను.

ఇచ్చటినుండి కథ మన యూరికి వచ్చుచున్నది. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమునకు సముద్రద్వారము కావలసి, బెంగాలు నాగపూరు రైల్వేవారి పూనికతో విశాఖ రేవు త్రవ్వబడినది. బురదపఱ్ఱను లోతుచేసి, డాల్ఫిన్ నోస్ కొండ చెంత రెండు పాతయోడలను ముంచి వానిని అలల కడ్డుకట్టగా నిలిపిరి. 1933 అక్టోబరు 7న ఆ రేవును మొదట ప్రవేశించిన ఓడ జలదుర్గ, అది సింధియావారిదే. ఈ సంస్థ తన యోడల పేరులలో పెక్కింటికి ముందు జలశబ్దము చేర్చెడిది.

ఓడలు నడుపుటయే గాక ఓడలు కట్టవలెనని వాల్‌చందు సంకల్పము. కలకత్తాలో స్థలమునకై ప్రయత్నించిరి, అనుకూలింపలేదు. చివరకు విశాఖనెంచుకొనిరి. కొండచాటున గాలివానల కందని లోపలి కాలువ, రైలుమార్గము, విశాలమైన స్థలము ఇచ్చట నుండినవి. 1941 జూను 21న రాజేంద్రప్రసాదుగారు నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. మఱు సంవత్సరము ఏప్రిల్ 6న జపానువారి బాంబులు విశాఖపై పడినవి. ఊరు ఖాళీయైనది, పని నిలిచినది, యంత్రసామగ్రిని బొంబాయికి తరలించిరి. యుద్ధానంతరము మరల మొదలుపెట్టి, 1946లో మొదటి యోడకు అడుగుదూలము పరచిరి. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూగారి చేతిమీదుగా ఎనిమిదివేల టన్నుల జల ఉష నీటిలోనికి జారెను. సంస్కృతము చెప్పువారము గనుక జలోష యనవలెనని మాకు తోచును. గుణసంధి చేయని లోపమున ఆ యోడ ప్రయాణ మేమియు నిలువలేదు. కోరంగి రేవు చెడిన నూరేండ్ల పిమ్మట తెలుగుతీరమున మరల మహానౌక పుట్టినది. స్వాతంత్ర్యముతో తీరపు గీటు చెరిగి, సంస్థ యోడలు ఐరోపా, అమెరికా మార్గములకు పోయినవి. 1965లో భక్తివేదాంతస్వామి కలకత్తానుండి అమెరికాకు పోయినది సింధియావారి జలదూత యను సరకుల యోడలోనే.

గృహస్థులకు ముఖ్యమైన యింకొక సంగతి. నరోత్తమ మొరార్జీ తన కుమారుడు శాంతికుమారునకు చేసికొన్న కోడలి పుట్టింటి పేరు జమున. మామగారామెకు సుమతి యని పేరు పెట్టి, మన యిండ్లలో కోడండ్లకు అప్పగించు తాళపుచెవులతో తృప్తిపడక, సంస్థ కార్యాలయపు పనులను నేర్పించెను. వేలకొలది పనివారు గల సంస్థ పాలనము కాలక్రమమున ఆమె చేతికి వచ్చెను. 1956లో భారతీయ నౌకాయజమానుల సంఘమునకు ఆమె అధ్యక్షురాలయ్యెను, 1971లో పద్మవిభూషణ బిరుదము పొందెను, 1998లో కీర్తిశేషురాలయ్యెను. ఓడలు మగవారి లోకమని ప్రపంచ మంతయు నమ్ముచున్న కాలమున ఒక హిందూ గృహమునందలి కోడలు ఆ లోకమును శాసించెను. కుటుంబము వర్తకమున కీయగల మేలైన కానుక ధనము కాదు, ఇట్టి శిక్షణము.

కుటుంబము చేయు కీడును కలదు. మేనేజింగ్ ఏజెన్సీ యను పద్ధతిలో వాటాలు పలువురివైనను పెత్తనము కొందరి యింటిలోనే నుండెడిది. వ్యాపారము బాగున్నను లేకున్నను నిర్వాహకుల ప్రతిఫలము వారికి ముట్టుచుండెడిది. సింధియాయు ఈ పద్ధతికి వెలిగా లేదు. ప్రభుత్వము 1970లో దానిని దేశమంతట రద్దుచేసినది. నౌకానిర్మాణశాల అంతకుముందే చేతులు మారెను. 1952లో మూడింట రెండువంతులు ప్రభుత్వముది కాగా హిందూస్థాన్ షిప్‌యార్డు అను పేరు వచ్చెను. 1961లో మిగిలిన భాగమును ప్రభుత్వమునకు చెందెను. 2010లో అది రక్షణశాఖ క్రిందికి పోయెను. ఓడలు నడిపిన సింధియా సంస్థ మాత్రము గత శతాబ్దపు చివరి దశకములలో క్షీణించి సముద్రమునుండి తొలగినది. నౌకానిర్మాణశాల నేటికిని నిలిచియున్నది. పెద్ద పనిని ఆరంభించుటకు కుటుంబము చాలును. దానిని తరతరములు మోయుటకు చాలదు. ఆరంభించినవారి గౌరవమున కిది లోటు కాదు.

ఈ చరిత్ర మనలను అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. కొండ మనది, కాలువ మనది, కొలిమియొద్ద చెమటోడ్చిన చేతులు పెక్కు మనవి. సాహసము మాత్రము షోలాపురమునుండియు బొంబాయినుండియు రావలసినదేల? మన సంపన్న గృహములు భూమినే ధనమనుకొని, ఆ భూమికై అన్నదమ్ములు న్యాయస్థానములు త్రొక్కి, మిగిలినది బంగారముగా దాచుటకు అలవాటుపడినవి. భాగస్వామి యన్నచో బావమరదియే కావలెను. లెక్క యన్నచో పెద్దవాని మొలతాటి తాళముచెవియే యెరుగవలెను. అట్టి యింటి వర్తకము వీధిదాటదు. దాటినను పెద్దవానితోనే ముగియును.

కాలము మారినది. సముద్రయానమునకు ప్రాయశ్చిత్తము విధించువారు లేరు. భారత సముద్ర విశ్వవిద్యాలయపు ప్రాంగణమొకటి విశాఖలోనే కలదు. కాని శాస్త్రము సడలినంత త్వరగా స్వభావము సడలదు. ఇంటి చిట్టా కూతురికిని కోడలికిని చదువవచ్చునా? పనితెలిసిన పరాయివానికి వాటా యిచ్చుటకు మనసొప్పునా? నష్టము వచ్చిన సంవత్సరమున లెక్కలను అందరియెదుట విప్పిచెప్పుటకు పెద్దలకు ధైర్యము కలదా? అంగడి చిన్నదైనను పెద్దదైనను మన చదువరులు తమ యింటనే ఈ మూడు ప్రశ్నలు వేసికొందురుగాక.