నాన్న లేడు, ఒక కన్ను కనపడదు... మద్రాసులో మొదటి ఇంజనీరింగ్ మాస్టర్స్ మాత్రం ఆయనదే | కె.ఎల్. రావు గారి కథ

పోయిన వారం ఒక తమ్ముడు నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, బీటెక్ అయిపోయింది. గేట్‌లో ర్యాంక్ వచ్చింది, ఎంటెక్ సీటు కూడా వస్తది. కానీ మా నాన్న ఆటో నడుపుతడు, ఇంట్ల అప్పులున్నయ్. ఏదో ఒక జాబ్ చూస్కో అంటున్నరు. మనలాంటోళ్లకి ఇంకా రెండేళ్లు చదువు అవసరమా అన్నా?"

ఆ మెసేజ్ రెండు సార్లు విన్నాను. వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకంటే "అవసరమే" అని ఒక్క మాటలో చెప్పడం ఈజీ, ఆ ఇంట్లో కూర్చుని నిర్ణయం తీసుకోవడం కష్టం. అందుకే ఈ ఎపిసోడ్. కలాం గారి కథ, ఆయన చదువు కోసం అక్క బంగారం తాకట్టు పెట్టిన కథ, మీ అందరికీ తెలుసు. ఇవాళ మన వైపు మనిషి గురించి చెప్పుకుందాం. కానూరి లక్ష్మణరావు గారు. పేపర్లలో, పుస్తకాల్లో కె.ఎల్. రావు.

బెజవాడ నుంచి బందరు రోడ్డు మీద వెళ్తుంటే కంకిపాడు వస్తుంది కదా, ఆయన పుట్టింది అక్కడే. 1902 జులై 15. మధ్యతరగతి కుటుంబం. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి పోయారు. స్కూల్లో ఆడుకుంటుంటే దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అంటే ఇంజనీరింగ్ డ్రాయింగ్ బోర్డు ముందు కూర్చునే నాటికే ఆ పిల్లాడికి ఒక్క కన్నే ఆధారం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ రోజుల్లో ఇంజనీరింగ్ చదవడం అంటే ఏంటి? ఇప్పుడు మనకి ప్రతి ఊరి బయటా ఒక కాలేజీ బస్సు కనిపిస్తుంది. 1920ల మొదట్లో ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. డిగ్రీ ఇచ్చే ఇంజనీరింగ్ కాలేజీ ఒక్కటంటే ఒక్కటే, అది గిండీలో. 1794లో సర్వే స్కూల్‌గా మొదలై, పెరిగి పెద్దదైన కాలేజీ. హైదరాబాదులో ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది 1929లో. కోస్తాకి, రాయలసీమకి ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చింది 1946లో. విశాఖలో మొదలై కాకినాడకి మారింది ఒకటి, అనంతపురంలో ఇంకొకటి. కాబట్టి కంకిపాడు కుర్రాడు ఇంజనీరు కావాలంటే రైలెక్కి మద్రాసు పోవాల్సిందే.

రావు గారు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివారు. ఆ తర్వాత మద్రాసు యూనివర్సిటీ నుంచి బీఈ పట్టా తీసుకున్నారు. ఆ కాలంలో బీఈ చేతిలో ఉంటే పెద్ద మాట. పీడబ్ల్యూడీలో చేరి, ప్రభుత్వ జీతంతో, ఊళ్లో గౌరవంతో బతికేయొచ్చు. చాలామందికి చదువు అక్కడితో ఆఖరు. ఎందుకంటే ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ అనేది మద్రాసు యూనివర్సిటీలో అప్పటిదాకా ఎవరూ చేయలేదు. ఆ పట్టా అందుకున్న మొట్టమొదటి స్టూడెంట్ ఈయనే.

ఆలోచించండి. "సీనియర్లు ఏం చేశారు, ప్యాకేజీ ఎంత" అని అడగడానికి ముందు ఒక్క సీనియర్ కూడా లేడు.

తర్వాత కూడా దారి తిన్నగా లేదు. రంగూన్‌లో ప్రొఫెసర్‌గా పాఠాలు చెప్పారు. మన కోస్తా జనం "రంగం" అని పిలిచే ఊరు అదే, బతుకుతెరువు కోసం వేల మంది తెలుగువాళ్లు ఓడలెక్కి పోయిన ఊరు. తర్వాత ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ, 1939లో. అప్పటికి ఆయన వయసు ముప్పై ఏడు దగ్గర! ఇరవై నాలుగుకే "లేటైపోయింది అన్నా" అనేవాళ్లు ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత వేల్స్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. తిరిగి వచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీర్ అయ్యారు. 1950లో డిజైన్స్ డైరెక్టర్‌గా ఢిల్లీ వెళ్లారు.

సరే, ఇంత చదువు ఎందుకు పనికొచ్చింది? అసలు ప్రశ్న ఇదే కదా.

మీ చేతిలో ఫోన్ ఉంది. స్క్రీన్ సుమారు వంద చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. దాన్ని వంద మీటర్ల లోతు నీళ్లలో పెడితే, ఆ ఒక్క స్క్రీన్ మీద నీరు నొక్కే బరువు దాదాపు వెయ్యి కిలోలు. ఒక టన్ను! నీటి లోతు రెండింతలైతే గోడ మీద మొత్తం తోపుడు నాలుగింతలవుతుంది. అది చాలదన్నట్టు, పునాది రాతి సందుల్లోకి దూరిన నీరు డ్యాంని కింద నుంచి పైకి లేపాలని చూస్తుంది. చిన్న చెరువు కట్ట అనుభవంతో వేయొచ్చు. వంద మీటర్లు దాటిన డ్యాం దగ్గర అనుభవం ఒక్కటే సరిపోదు, లెక్క కావాలి. లెక్క తప్పితే కింద ఊళ్లు ఉండవు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆ లెక్క వేయగలిగినవాళ్లు మన దగ్గర చాలా తక్కువ. పెద్ద ప్రాజెక్టు అంటే విదేశీ నిపుణుల్ని పిలవాల్సిన రోజులు.

1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. ఎత్తు సుమారు 124 మీటర్లు. సిమెంటు, యంత్రాలు దొరకడం కష్టమైన కాలం, పని కావాల్సిన చేతులు మాత్రం లక్షలు. అందుకే అంత పెద్ద డ్యాంని రాతికట్టుగా కట్టారు. వేల మంది కూలీలు రాళ్లు మోశారు. ఆ డిజైన్ వెనకున్న ముఖ్యమైన పేర్లలో రావు గారిది ఒకటి. 1967లో కాలవల్లోకి నీళ్లు వదిలారు. కుడి కాలవ గుంటూరు, ప్రకాశం వైపు, ఎడమ కాలవ నల్లగొండ, ఖమ్మం, కృష్ణా వైపు. ఆనకట్ట పుణ్యమా అని 1855 నుంచే నీళ్లు పారుతున్న డెల్టాలో పుట్టిన మనిషి, నీళ్లే చూడని మెట్ట నేలకి నీళ్లిచ్చే పనిలో చదువంతా పెట్టారు. నాకు ఈ కథలో నచ్చేది అదే.

1962లో విజయవాడ నుంచి లోక్‌సభకి గెలిచారు. 1963లో కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ మంత్రి అయ్యారు, పద్మభూషణ్ కూడా ఆ ఏడాదే. ఆత్మకథకి పెట్టుకున్న పేరు 'ది క్యూసెక్స్ క్యాండిడేట్'. క్యూసెక్ అంటే సెకనుకి ఒక ఘనపు అడుగు నీరు, దాదాపు 28 లీటర్లు. పేరులో కూడా నీళ్లే చూడండి.

అయితే ఆయన వేసిన ప్రతి ప్లానూ నడిచిందని కాదు. 1972లో గంగని కావేరితో కలపాలని 2,640 కిలోమీటర్ల లింకు ప్రతిపాదించారు. నీళ్లు పైకి ఎత్తిపోయడానికి అయ్యే కరెంటు, ఖర్చు చూసి అది ముందుకు పోలేదు. పెద్ద చదువు ఉన్నంత మాత్రాన ప్రతి లెక్కా గెలవదు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో ఇంగ్లీషు చదువు ఆయన పుట్టిన బ్రాహ్మణ ఇళ్లకి దగ్గర, మిగతా చాలా ఇళ్లకి దూరం. ఆడపిల్లలకి మరీ దూరం. 1940లో అయ్యలసోమయాజుల లలిత గారు అదే గిండీలో చేరేసరికి ఆమె ఒక చిన్నపిల్ల తల్లి, భర్త పోయి ఒంటరి. పట్టా కాగితం మీద అచ్చేసి ఉన్న "అతడు" అనే మాట కొట్టేసి "ఆమె" అని రాయాల్సి వచ్చింది. ఆ డ్యాం దగ్గర రాళ్లు మోసిన కూలీల పిల్లలకి ఆ గుమ్మం ఇంకా ఆలస్యంగా తెరుచుకుంది. ఇవాళ ఆటో నడిపే నాన్న కొడుక్కి ఎంటెక్ సీటు వస్తోందంటే, ఆ గుమ్మం దాకా రావడానికే ఎన్ని తరాలు పట్టిందో చూడండి.

ఇక తమ్ముడూ, నీకు నా జవాబు. మీ నాన్న మాట తప్పు కాదు, అప్పు నిజం. ముందు ఇంట్లో కాగితం మీద లెక్క వేయండి. గేట్‌తో చేరినవాళ్లకి చాలా ఏళ్లుగా నెలకి 12,400 స్టైపెండ్ ఇస్తున్నారు. నీ కాలేజీలో వస్తుందా, ఎప్పుడు అకౌంట్లో పడుతుందో కనుక్కో. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. కాబట్టి ఈ ఏడాది జాబ్ చేసి అప్పు కొంత తీర్చి, వచ్చే ఏడాది చేరినా తప్పులేదు. రావు గారు కూడా డిగ్రీ తర్వాత డిగ్రీ అని గబగబా పరిగెత్తలేదు. పని చేశారు, పాఠం చెప్పారు, చదివారు. కానీ "మనలాంటోళ్లకి అవసరమా" అన్నావు చూడు, ఆ మాట మాత్రం వద్దు. నేర్చుకోవాలనుకున్నది ఏంటో నీకు తెలిస్తే చాలు.

కృష్ణా మీద పులిచింతల ప్రాజెక్టుకి ఇప్పుడు డాక్టర్ కె.ఎల్. రావు సాగర్ అని పేరు. అటు వెళ్తే ఒకసారి ఆగి చూడండి. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.