గోనవారి రామాయణము: పూర్వోత్తర భాగములందలి పాత్రలు

ఉప్పునుంతల నుండి పడమరగా బయలుదేరి నాగరకర్నూలు దాటి బిజినేపల్లి సీమలో ప్రవేశించినచో నంది వడ్డెమాను అను గ్రామము కానవచ్చును. ప్రాచీన శాసనములందు వర్ధమానపురముగా ప్రసిద్ధి గాంచినది యిదియే. 2016 వఱకును ఈ రెండూళ్లును మహబూబునగరు జిల్లాలోనివి. నేడు నాగరకర్నూలు జిల్లాలోనివి. కాకతీయులకు సామంతులై 13వ శతాబ్దమున ఈ సీమ నేలిన గోనవంశమువారికి వర్ధమానపురము రాజధాని. ఆ వంశమున పుట్టిన గోన బుద్ధారెడ్డి తన తండ్రి విఠలుని పేర వెలయించిన ద్విపదకావ్యమే రంగనాథ రామాయణము. ఇంచుమించు పదునేడువేల ద్విపదల యీ గ్రంథమున బాలకాండము మొదలు యుద్ధకాండము వఱకు గల యాఱు కాండములును బుద్ధారెడ్డివి. దానికి పొడిగింపుగా ఉత్తరకాండమును ఆతని కుమారులు కాచవిభుడును విఠలరాజును రచించిరి.

తండ్రి కట్టిన యింటికి కొడుకులు మేడ వేసిన చందమున నున్న యీ గ్రంథద్వయమును గూర్చి మన విమర్శకులు కాలనిర్ణయము, కర్తృత్వము అను రెండు చర్చలనే విస్తారముగా నడపిరి. పూర్వభాగమునందలి మనుష్యులు ఉత్తరభాగమున ప్రవేశించునప్పటికి ఎట్టివారైరి అను ప్రశ్నకు అంతటి యాదరము లభింపలేదు. ఆ ప్రశ్నను విచారించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

తెలుగువారి రామాయణములలో ఒక విచిత్రము కలదు. భాస్కర రామాయణము గాని, మొల్ల రామాయణము గాని ఆఱు కాండములతోనే ముగియును. ఉత్తరకథను చేపట్టిన కవులు వేఱు. తిక్కన నిర్వచనోత్తర రామాయణమును మనుమసిద్ధికి అంకితము చేసెను గాని పూర్వకథను తాను ముట్టలేదు. రామనిర్యాణమును సైతము చెప్పక విడిచెను. 18వ శతాబ్దమున కంకంటి పాపరాజును ఉత్తరకథనే ప్రత్యేక ప్రబంధముగా నిర్మించెను. కావున పూర్వోత్తరములు రెండును ఒకే యింట, ఒకే ఛందస్సున, తండ్రికొడుకుల చేత సంతరింపబడుట గోనవారికే దక్కిన విశేషము. మా యుప్పునుంతలలో నా చిన్ననాడు పురాణకాలక్షేపము పట్టాభిషేకముతో ముగియుటయే నేనెఱుగుదును. ఆ మీది కథ యింట చదువరాదని పెద్దలనెడివారు. ఆ కథ జనులలో పెక్కురకు తెలిసినది 1963లో వచ్చిన 'లవకుశ' చలనచిత్రము వలన. చదువరాదన్న కథను చూచుటకు బండ్లు కట్టుకొని పోయిన పెద్దలే యట్లనెడివారని చెప్పిన చదువరులు నవ్వుకొందురు గాక.

ముందుగా రావణుని చూతము. బుద్ధారెడ్డి చేతిలో నీతడు కేవల దుష్టుడు కాడు. రణరంగమున రాముని విలువిద్యను కన్నులార చూచి శత్రువని యెంచక మెచ్చుకొనగల వీరుడు. అతని చుట్టును ఉన్నవారికిని కవి తగినంత ప్రాణము పోసెను. ఇంద్రజిత్తు పడిన పిదప అతని భార్య సులోచన భర్తృశిరమును కోరి రాముని యొద్దకు వచ్చి, దానితో సహగమనము చేయును. రావణుడు పాతాళహోమమున నుండగా అంగదుడు మండోదరిని ఈడ్చుకొని వచ్చి ఆ హోమమును భగ్నము చేయును. ఇవి యేవియు వాల్మీకమున లేవు. లోకమున వాడుకలో నున్న కథలను కవి స్వేచ్ఛగా గైకొనెను. ఇట్లు శత్రుపక్షమున స్త్రీలు, తల్లులు, వియోగములు కలవని పాఠకుడు మఱవకుండునట్లు బుద్ధారెడ్డి చేసెను. లంక కాలునప్పుడు మనకు సంతోషముతోపాటు ఒకింత దిగులును కలుగుట దీనివలననే.

ఉత్తరకాండములోని రావణుడు మఱొకడు. కాచవిఠలులు ప్రధాన కథాక్రమమున వాల్మీకినే ఆశ్రయించిరి. కావున అగస్త్యుడు చెప్పు చరిత్రయే యిందును ప్రధానము. కుబేరుని లంకనుండి వెడలగొట్టి పుష్పకమును లాగికొన్నవాడు, కైలాసము క్రింద చేతులు నలిగి యఱచినవాడు, వేదవతి శాపమును, నలకూబరుని శాపమును మూటగట్టుకొన్నవాడు, కార్తవీర్యునిచేతను వాలిచేతను పరాభవింపబడినవాడు ఈ రావణుడు. ఒక చిన్న వివరము గమనింపదగినది. సీతను బలాత్కరింపకుండుటకు యుద్ధకాండమున వాల్మీకి పుంజికస్థల నిమిత్తమైన బ్రహ్మశాపమును కారణముగా చూపెను. ఉత్తరకాండమున రంభ నిమిత్తమై నలకూబరుడిచ్చిన శాపము కారణమైనది. ఒకే సంయమమునకు రెండు కారణములు! పూర్వకథలో మిగిలిన సందేహమును ఉత్తరకథ తీర్పబోయి, పాతదానిని మఱచి క్రొత్తది కల్పించుట యిచ్చట స్పష్టము.

కైకసి విషయమున ఈ భేదము మఱింత కొట్టవచ్చినట్లు కనబడును. సీతను విడువుమని తల్లి హితము చెప్పెనను మాట వాల్మీకి యుద్ధకాండమున సరమ నోట ఒక్కచోట వచ్చి పోవును. బుద్ధారెడ్డి దానిని పెంచి, బిడ్డ చెడిపోవుచుండ చూడలేని ముదుసలి తల్లిని మన కన్నులయెదుట నిలిపెను. ఉత్తరకథలోని కైకసి వయసునందున్న తల్లి. పుష్పకమెక్కి వచ్చిన సవతికొడుకు కుబేరుని చూపించి, నీవును అట్టివాడవు కమ్మని కొడుకును రెచ్చగొట్టినది ఈమెయే. గ్రంథక్రమమున చదివినవానికి ముందు హితము పలికిన వృద్ధ, తరువాత అసూయ నూరిపోసిన యువతి కనబడుదురు. కాలక్రమమున చూచినచో ఈ రెండును పొసగును. తాను నాటిన చెట్టు ఫలములను తానే చూచి భయపడిన తల్లి యగును. కాని యీ పొందికను కవులు తాముగా ఎత్తి చూపలేదు. చదువరి కూర్చుకొనవలసినదే.

పిమ్మట వ్రాసిన పుస్తకమున పూర్వచరిత్రను చెప్పుట యొక్క రామాయణమునకే చెల్లినది కాదు. ఐజాక్ అసిమోవ్ అను రచయిత 'ఫౌండేషన్' అను వైజ్ఞానిక కల్పనాకథామాలను 1951–53 నడుమ మూడు సంపుటములుగా వెలువరించి, మూడు దశాబ్దములకు పిమ్మట 1982లో తిరిగి చేపట్టెను. కథకు మూలపురుషుడైన హారి సెల్డన్ యౌవనమును 1988లో గాని చెప్పలేదు. మొదటి గ్రంథమున దేవతాప్రాయుడై దూరముగా నున్నవాడు అందు సందేహములతో తిరుగాడు మనుష్యుడైనాడు. ముందు భాగమున విడిచిన సందులను పూడ్చవలెనను చదువరుల యాత్రమే యిట్టి రచనలకు మూలము. ఉత్తరకాండమున రాముడు అగస్త్యుని అడిగిన ప్రశ్న యీ జాతిదే: ఇంతటి బలశాలి హనుమంతుడు వాలి బాధ పెట్టునప్పుడు సుగ్రీవునికేల తోడ్పడలేదు? ఋషులశాపమున తన బలమును తాను మఱచియుండెనని సమాధానము. కిష్కింధలో జాంబవంతుడు గుర్తుచేయువఱకు హనుమంతుడు మౌనముగా నుండుటకును ఇదియే సమర్థనమైనది. సమర్థనమేమో బాగుగనే యున్నది. కాని వినయమువలన మౌనియని మనము తలచినవాడు శాపమువలన మౌనియైనాడు. అది లాభమో నష్టమో చెప్పుట కష్టము.

లక్ష్మణుడు బుద్ధారెడ్డికి మిక్కిలి యిష్టమైన పాత్రమని నా తలంపు. వనవాసారంభమున నిద్రాదేవి ప్రత్యక్షము కాగా, ఈ పదునాలుగేండ్లును ఊర్మిళను ఆశ్రయించుమని పంపినవాడు. తిరిగివచ్చి కొలువున నున్నప్పుడు ఆ దేవి మరల పొడసూపగా ఫక్కున నవ్వినవాడు. ఆ నవ్వు తమ్మునుద్దేశించియేయని సభలోనివారందఱును ఎవరి తప్పును వారు తలచుకొని తల వంచుకొందురు. పల్లెలలో స్త్రీలు పాడుకొనునంతటి మాధుర్యము ఈ ఘట్టమునకు కలదు. ఇట్లు నవ్వించిన లక్ష్మణునికి ఉత్తరకథలో నవ్వుటకు తావే లేదు. సీతను రథమెక్కించి గంగ దాటించి, అక్కడ గాని నిజము చెప్పలేక చెప్పి, ఏడ్చుచు తిరిగివచ్చును. కడపట దుర్వాసుని శాపమునుండి వంశమును కాపాడుటకై కాలపురుషుని యేకాంతమున ప్రవేశించి, ఆ యపరాధమునకు అన్నచేత పరిత్యక్తుడై సరయువునకు పోవును. పదునాలుగేండ్లు నిద్ర మాని కాచినవానికి లభించిన ప్రతిఫలమిది. తండ్రి కల్పించిన జాగరణమును తలచుకొన్న పాఠకునికే కొడుకులు చెప్పిన పరిత్యాగము పూర్ణముగా నాటును. రెండు భాగములును ఒకదానినొకటి బలపఱచిన చోటు ఇదియొక్కటియే యని చెప్పవచ్చును.

ఇక సీత. రెండు భాగములందును ఆమె స్వభావము మాఱలేదు. మాఱినది రాముని పద్ధతి. లంకలో రాముడు కఠినోక్తులను ఆమె ముఖము మీదనే పలికెను. ఆమెయు ముఖాముఖిగనే బదులు చెప్పి, లక్ష్మణునిచేత చితి పేర్పించి ప్రవేశించెను. ఉత్తరకథలో రాముడు ఆమెతో మాటాడడు. ఆశ్రమములు చూడవలెనని ఆమె కోరిన కోరికనే నెపముగా చేసి తమ్మునిచేత పంపును. యుద్ధము గెలిచిన రాజుకు లేని భయము రాజ్యము నేలు రాజుకు కలిగినది. నైమిశమున యజ్ఞసభలో మరల ప్రమాణమడిగినప్పుడు సీత అగ్నిని పిలువలేదు. అగ్ని అయినచో తిరిగి యిచ్చును; భూమి తిరిగి యీయదు. ఆమె తల్లినే పిలిచినది. ఈ ఘట్టమును లోకులకు నచ్చునట్లు మార్పవలెనని తోచినచో, తండ్రి చూపిన స్వేచ్ఛ కుమారుల యెదుటనే యున్నది. వారు మార్పలేదు. పిఱికితనమని కొందఱనవచ్చును, నాకు మాత్రము అది ధైర్యముగనే తోచుచున్నది.

ఈ కుటుంబమున స్త్రీలకు గల స్థానమును గూర్చి ఒక్కమాట. బూదపురమున 1276 నాటి శాసనము వేయించిన కుప్పాంబిక ఈ బుద్ధారెడ్డి కూతురని పండితులు చెప్పుదురు. మల్యాల గుండదండనాథుని భార్యయగు నామె భర్త గతించిన పిమ్మట ఆతని పేర గుండేశ్వరుని ప్రతిష్ఠించెను. సహగమనము చేసిన సులోచనను వర్ణించిన కవియింటి ఆడుబిడ్డ, భర్త పేర గుడి నిలిపి తాను బ్రదికియుండుట విశేషము.

కర్తృత్వ వివాదమునకు ఈ పోలిక కొంత తోడ్పడును. రంగనాథుడను వేఱొక కవి గ్రంథమంతయు రచించి రాజుల పేర నుంచెనని కొందఱు వాదించిరి. అట్లే యైనచో, పూర్వభాగమున ఉడుతభక్తిని, మంథర కాలు విఱిగిన కథను, జంబుకుమారుని వధను లోకమునుండి యేరి తెచ్చిన చేయి ఉత్తరభాగమున అకస్మాత్తుగా ముడుచుకొనుటకు కారణము చెప్పవలసియుండును. విషయభేదమే కారణమని ప్రతివాదులనవచ్చును. అది కొట్టివేయదగినది కాదు. అయినను రెండు చేతుల జాడ నాకు కనబడుచున్నది. రాయచూరు కోటగోడమీద 1294 నాటి శాసనమున పేర్కొనబడిన విఠలుడే ఉత్తరకాండకర్త యను వాదమును మాత్రము నేనింకను అంగీకరింపజాలను. పేరుపోలిక యొక్కటియే చాలదు. గోనవారి యింట విఠలుడను పేరు తాతనుండి మనుమనికి వచ్చినదే కదా.